వాపు, గడ్డ, దానం: కాలేయ క్యాన్సర్ చికిత్సను చెప్పే తెలుగుపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కాలేయ క్యాన్సర్ రోగికి కాలేయ మార్పిడి చేయవచ్చో లేదో నిర్ణయించేటప్పుడు గడ్డల సంఖ్యను, పరిమాణాన్ని మాత్రమే కాక రక్తంలోని శోథ సూచికలను కూడా వైద్యులు నేడు పరిగణిస్తున్నారు. ఈ జ్ఞానం తెలుగు రోగికి, దాతకు ఏ మాటల్లో చేరుతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘వాపు’, ‘తాపం’, ‘గుర్తు’, ‘అవకాశం’, ‘జీవన్మృతుడు’, ‘దానం’ అన్న మాటల అర్థవ్యాప్తిని, తెలుగు సినిమా కాలేయ రోగికి కట్టిపెట్టిన రూపాన్ని ఇందుకు ఆధారంగా తీసుకొన్నాను. లోపం పరిభాష కొరతలో కంటే వాక్య నిర్మాణంలోనే ఎక్కువగా ఉన్నదన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: కాలేయ క్యాన్సర్, శోథ సూచికలు, కాలేయ మార్పిడి, వైద్య పరిభాష, అర్థవిపరిణామం, ఎర్రగడ్డ, సినిమా

1. ప్రవేశిక

హైదరాబాదులో ‘ఎర్రగడ్డ’ స్థలనామంగా మాత్రమే మిగల్లేదు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలవారికి ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. నగరవాసికి అది మానసిక చికిత్సాలయం, ఛాతీ ఆసుపత్రి ఉన్న చోటు. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్న మాట నగర వాడుకలో ఒక వెక్కిరింత. కొద్ది కిలోమీటర్ల దూరంలోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో తయారయ్యే హాస్య సన్నివేశాలు ఈ వెక్కిరింతను రాష్ట్రాల ఎల్లలు దాటించాయి. ఒక ఊరి పేరు ఒక రోగానికి, ఆ రోగం ఒక అవమానానికి పర్యాయపదమైన తీరు ఇది.

ఈ పేరులోని రెండో మాట మన విషయానికి మరింత దగ్గరిది. పెరుగుగడ్డ, మట్టిగడ్డ, ఉల్లిగడ్డ, సెగగడ్డ, పుట్టినగడ్డ: ఇన్నింటికి సరిపోయే ‘గడ్డ’యే క్యాన్సర్ కణితికి కూడా వాడుకమాట. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ శోథకు నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి. వాటిలో ఉబ్బుకు అతడు వాడిన లాటిన్ మాట ‘ట్యూమర్’. నేడు ఆ మాటకు అర్థం కణితి. అంటే ఉబ్బును, కణితిని ఒకే మాటతో పిలవడం తెలుగువాడి అజ్ఞానం కాదు. పడమటి వైద్యం కూడా ఆ దారినే నడిచి వచ్చింది. ఎరుపూ గడ్డా కలిసిన పేరున్న చోటికి ఎదురుగా నిలబడి ఈ సంగతి తలచుకోవడం యాదృచ్ఛికమే గాని, అప్రస్తుతం కాదనుకొంటాను.

ఈ పరిశీలనకు ప్రేరణ ఒక కాగితం. నా డిగ్రీ విద్యార్థి ఒకడు తన తండ్రి చికిత్సకు సంబంధించిన సమాచార పత్రాన్ని, వెంట తల్లిని తీసుకొని వచ్చాడు. భర్తకు తన కాలేయంలో భాగం ఇవ్వడానికి ఆమె పరీక్షలు చేయించుకొంటున్నది. నగరంలోని ఒక ఆసుపత్రి ఇచ్చిన ఆ పత్రంలో ‘తాపజనక గుర్తులు అధికంగా ఉన్నందున మార్పిడి అనంతర పునరావృత అవకాశం పరిశీలించబడును’ అని ఉంది. ఆమె నన్ను అడిగింది: “వాతలేం పెట్టియ్యలే సార్. ఏ గుర్తులడుగుతున్రు?”

ఆ ప్రశ్నలో అమాయకత్వం కంటే తర్కమే ఎక్కువ. కామెర్లకు మణికట్టు మీద వాత పెట్టే ఆచారం తెలుగు పల్లెలకు కొత్త కాదు. తాపం వల్ల జనించిన గుర్తు అంటే కాల్చిన మచ్చ. వాక్యాన్ని ఆమె వ్యాకరణబద్ధంగానే చదివింది. తప్పు చదివినది పత్రం రాసినవారు.

2. ‘వాపు’ చాలని చోటు

ఆ పత్రం చెప్పదలచిన విషయం ఇది. కాలేయ క్యాన్సర్లలో ప్రధానమైన రకం సాధారణంగా ఆరోగ్యవంతమైన కాలేయంలో పుట్టదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, కొవ్వు పేరుకోవడం వంటి కారణాలతో కాలేయం ఏళ్ల తరబడి దెబ్బతింటూ, మానుకొంటూ, మళ్లీ దెబ్బతింటూ గట్టిపడుతుంది. ఆ గట్టిపడిన నేలలో గడ్డ పుడుతుంది. దెబ్బకు శరీరం చేసే ప్రతిచర్యనే వైద్యులు శోథ అంటారు. కణితుల్లో తెల్లరక్తకణాలు చేరి ఉండడాన్ని గమనించి, శోథకు క్యాన్సర్‌కు సంబంధం ఉన్నదని జర్మన్ శాస్త్రజ్ఞుడు విర్కో 1863లోనే ఊహించాడు.

తెలుగు వార్తాపత్రికల ఆరోగ్య పేజీలు దీనికి సర్వసాధారణంగా ‘వాపు’ అనే వాడుతున్నాయి. హెపటైటిస్ ‘కాలేయపు వాపు’, ఆర్థ్రైటిస్ ‘కీళ్లవాపు’. కీళ్ల విషయంలో ఇది చెల్లుతుంది. మోకాలు కంటికి కనబడేటట్టే వాస్తుంది. కాలేయం విషయంలో చెల్లదు. కాలేయ రోగికి పాదాలు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. ఇదీ ‘వాపే’. కాని ఇది శోథ కాదు. కాలేయం తయారుచేయవలసిన ఆల్బుమిన్ తగ్గడం, కాలేయానికి రక్తం చేర్చే సిరలో పీడనం పెరగడం మొదలైన కారణాలతో నీరు నిలవడం. మూత్రం ఎక్కువగా పోయే మందులతో ఈ వాపు తగ్గుతుంది. లోపలి శోథ తగ్గదు. ‘వాపు తగ్గింది’ అన్న ఒక్క వాక్యం ఒకే రోగి విషయంలో ఒకేసారి నిజమూ అబద్ధమూ అవుతున్నదన్న మాట. వాపును చూసి బలుపనుకోవద్దని సామెత హెచ్చరించింది గాని, రెండు వాపుల మధ్య తేడాకు మన దగ్గర సామెత లేదు.

ప్రత్యామ్నాయాలు లేవా? ఉన్నాయి. ‘శోథ’ ఆయుర్వేదంలో పాతుకొన్న మాట. హిందీ పరిభాష దీన్నే స్థిరపరచింది. తెలుగులో ఇది పండితుల మాటగానే మిగిలింది. ‘తాపం’ ఇంకా ఇబ్బందికరం. ప్రబంధాలు చదివినవారికి తాపం అనగానే విరహం, చలువపూతలు, తామరాకుల పడక స్ఫురిస్తాయి. ‘తాపజనక’ అన్న సమాసం యంత్రానువాదాల ద్వారా విరివిగా ప్రచారంలోకి వచ్చినట్టున్నది. ‘దాహకం’ అందామంటే తెలుగువానికి దాహం అంటే దప్పిక. ‘మంట’ అందామంటే అది చర్మానికి, కళ్లకు, గొంతుకు సరిపోతుంది. కడుపుకు తగిలించగానే అసూయ అవుతుంది.

నా దృష్టిలో వాడుకలోనే ఒక మాట ఉన్నది. పుండు ‘రేగింది’ అంటాం. నిద్రాణంగా ఉన్నది లేచి, ఎర్రబడి, బాధపెట్టడం అందులో ఉంది. ఉబ్బు తప్పనిసరి కాదు. ‘లోపల రేగి ఉంది’ అంటే రోగికి అందుతుంది. దీన్ని నామవాచకంగా మార్చి పరిభాషా నిఘంటువులో పెట్టాలని నేను కోరడం లేదు. ‘రేగుదల’ అని రాయగానే అది కూడా మరో తాపజనకం అవుతుంది. క్రియగా ఉన్నంతకాలమే దానికి ప్రాణం.

3. సూచిక, గుర్తు, శకునం

కాలేయ క్యాన్సర్‌కు మార్పిడి చేయడంలో దాదాపు 3 దశాబ్దాలుగా కొలబద్దగా ఉన్నవి మిలాన్ ప్రమాణాలు. ఇటలీ శస్త్రవైద్యుడు మాజఫెర్రో బృందం 48 మంది రోగుల అనుభవంతో 1996లో వీటిని ప్రకటించింది. ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్లు మించకూడదు. లేదా 3 గడ్డల వరకు, ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు మించకుండా ఉండాలి. రక్తనాళాల్లోకి గాని కాలేయం వెలుపలికి గాని పాకి ఉండకూడదు. ఇలా ఎంపిక చేసిన రోగుల్లో 4 ఏళ్ల తరువాత 75 శాతం మంది జీవించి ఉన్నారు. అంతకుముందు నిరాశాజనకంగా ఉన్న చికిత్సకు ఇది కొత్త ఊపిరి పోసింది.

కొలతలకు మాత్రం గడ్డ స్వభావం తెలియదు. 4 సెంటీమీటర్ల గడ్డ నిదానస్తురాలు కావచ్చు, 2 సెంటీమీటర్లది దూకుడుది కావచ్చు. స్వభావాన్ని పరోక్షంగా పసిగట్టడానికి రక్తంలోని సూచికలను చూస్తున్నారు. వాటిలో బాగా చర్చకు వచ్చినది న్యూట్రోఫిల్, లింఫోసైట్ కణాల నిష్పత్తి. ఇందుకు కొత్త పరీక్ష అక్కరలేదు. మన వీధి చివరి ల్యాబులో చేసే సీబీపీ కాగితం మీదే ఆ రెండు అంకెలు ఉంటాయి. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే చాలు. మార్పిడికి ముందు ఈ నిష్పత్తి 5 గాని అంతకు మించి గాని ఉన్నవారిలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువని అమెరికాలోని హలజున్ బృందం 2009లో చూపింది. తరువాతి అధ్యయనాలు 3, 4 వంటి వేరువేరు హద్దులను వాడాయి. హద్దు ఎక్కడ గీయాలన్న దానిపై ఏకాభిప్రాయం లేకపోవడమే ఈ సూచిక బలహీనత.

బలహీనతలు ఇంకా ఉన్నాయి. చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా, స్టెరాయిడ్ వాడినా నిష్పత్తి పెరుగుతుంది. ప్లేట్‌లెట్లకు లింఫోసైట్లకు గల నిష్పత్తిని చూద్దామంటే, కాలేయం గట్టిపడినవారికి ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లు ముందే తగ్గి ఉంటాయి. సి-రియాక్టివ్ ప్రోటీన్‌ది మరీ విచిత్రమైన స్థితి: దాన్ని తయారుచేసేది కాలేయమే. సాక్ష్యం చెప్పవలసినవాడే ముద్దాయి అయినట్టు, దెబ్బతిన్న కాలేయం తన శోథను తానే తక్కువ చేసి చూపవచ్చు. కాబట్టి ఈ సూచికలు కొలతలకు తోడుగా నిలుస్తాయి. ఒంటరిగా తీర్పు చెప్పలేవు.

ఇంతటి సందిగ్ధతను తెలుగు పత్రికా వాక్యం మోయగలుగుతున్నదా? మోయగల సాధనాలు భాషలో ఉన్నాయి. ‘వచ్చు’ ఉంది, ‘బహుశా’ ఉంది, విన్నమాటను విన్నట్టుగానే చెప్పే ‘ట’ ఉంది. ఒక చిన్న ‘ట’ చేర్చి తన పూచీని తప్పించుకోగల భాషకు సందేహం చెప్పడం రాదనడం అన్యాయం. అయినా ఆరోగ్య శీర్షికల్లో ‘ఈ లక్షణాలుంటే క్యాన్సరే’ అన్న ధోరణి రాజ్యమేలుతున్నది. ఇది సూచికను శకునంగా మార్చడం. సూచిక గుంపును గురించి మాట్లాడుతుంది: ఇటువంటి నూరుమందిలో ఇంతమందికి ఇలా జరిగింది అని. శకునం ఒక్కరిని వేలెత్తి చూపుతుంది. పిల్లి ఎదురు రావడానికి, నిష్పత్తి 5 దాటడానికి తేడా చెప్పలేని వాక్యం వైద్యవాక్యం కాదు.

‘అవకాశం’ అన్న మాటదీ ఇదే తంతు. క్యాన్సర్ తిరిగివచ్చే ‘అవకాశం’ అని రాయడం ఎంత అలవాటైపోయిందంటే, అందులోని వైపరీత్యం ఎవరికీ తట్టడం లేదు. ఉద్యోగావకాశం వంటి మాటకు అలవాటుపడిన చెవికి అవకాశం అంటే అందిపుచ్చుకోవలసినది. ఇక్కడ ‘ముప్పు’ అన్న అచ్చమైన మాట చేతికందే దూరంలో ఉంది. ‘పునరావృతం’ కంటే ‘తిరగబెట్టడం’ ఎన్నో రెట్లు మేలు. జ్వరం తిరగబెట్టిందని పసిపిల్లకు కూడా తెలుసు. ఇటువంటి చోట్ల లోపం భాషది కానే కాదు.

4. దేవదాసు నీడ

భాషలోని మాటలకు వెనుక దృశ్యాలుంటాయి. తెలుగు మనసులో కాలేయ రోగానికి ఒక ముఖం ఉంది. అది 1953 నాటి వేదాంతం రాఘవయ్య ‘దేవదాసు’లో అక్కినేని నాగేశ్వరరావుది. తాగి తాగి శరీరం చెడి, ప్రియురాలి గడప ముందు కన్నుమూసే కథ శరత్‌చంద్రునిది. ఆ ముఖం మాత్రం మనది. 70 ఏళ్లు దాటినా ‘లివర్ చెడింది’ అనగానే వినేవారి తరువాతి ప్రశ్న ‘తాగుతాడా?’ అన్నదే.

క్యాన్సర్ మీద మన సినిమా వేరే దారి తొక్కింది. ‘ప్రేమాభిషేకం’ (1981), ‘గీతాంజలి’ (1989) వంటి చిత్రాల్లో క్యాన్సర్ నాయకుడికి ప్రేమను ఉదాత్తం చేసే ఉపకరణం. అందులో అపరాధం లేదు, త్యాగం ఉంది. దీని ఫలితంగా కాలేయ క్యాన్సర్ రోగి రెండు కథల మధ్య ఇరుక్కొంటాడు. క్యాన్సర్ అన్న భాగానికి జాలి, కాలేయం అన్న భాగానికి నింద. తల్లి నుంచి పుట్టుకలోనే హెపటైటిస్ బి సోకి, ఏనాడూ మద్యం ముట్టనివాడు కూడా ఈ నిందను భరించవలసి వస్తున్నది. మద్యం వల్లనే జబ్బుపడినవాడికైనా నింద చికిత్స కాదన్నది వేరే సంగతి.

చిత్రమేమిటంటే ఈ రోగానికి ఎదురుకథ కూడా ఇదే నగరంలో జరిగింది. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమానం వచ్చింది. దానికి జన్యుసాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి టీకా ‘శాన్‌వ్యాక్-బి’ని హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసింది. క్యాన్సర్‌కు దారితీసే వైరస్‌ను అడ్డుకొంటుంది కనుక దీన్ని క్యాన్సర్ నిరోధక టీకా అనడంలో అతిశయోక్తి లేదు. ఆ సంస్థాపకులు కె.ఐ. వరప్రసాదరెడ్డి ‘హాసం’ పత్రికతో తెలుగు పాఠకులకు సుపరిచితులు. హాస్యానికి, సంగీతానికి పత్రిక పెట్టిన వ్యక్తి చేతుల మీదుగా వచ్చిన ఈ టీకా మీద తెలుగు సాహిత్యం, సినిమా ఎంత మాట్లాడాయి? దేవదాసు మీద రాసినదానిలో వందో వంతు కూడా లేదు. కారణం ఊహించడం కష్టం కాదు: రాని రోగానికి కథ ఉండదు.

సూజన్ సాంటాగ్ 1978లో క్షయను, క్యాన్సర్‌ను ఉపమానాలుగా వాడటాన్ని ఖండిస్తూ ఒక ప్రసిద్ధ గ్రంథం రాసింది. రోగాన్ని ఉపమానం నుంచి విడిపించడమే ఆరోగ్యకరమన్నది ఆమె వాదం. క్షయ ఆసుపత్రిగా పేరుపడ్డ ఛాతీ ఆసుపత్రి, మానసిక చికిత్సాలయం పక్కపక్కనే ఉన్న ఎర్రగడ్డను తలచుకొంటే ఆమె ఆగ్రహం న్యాయమనిపిస్తుంది. కాని తెలుగు విషయంలో ఆ వాదాన్ని పూర్తిగా అంగీకరించలేను. గడ్డ, వాపు, రేగడం, తిరగబెట్టడం: ఇవన్నీ మరో చోటు నుంచి ఎత్తుకొచ్చినవే. హైదరాబాదు వీధిలో ‘ఖలేజా’ అంటే గుండెధైర్యం. ఉర్దూలో ఆ మాట మూలార్థం కాలేయం. మహేశ్‌బాబు సినిమాకు (2010) ఆ పేరు పెట్టినప్పుడు ఎవరికీ అవయవం గుర్తు రాలేదు. మాంసం దుకాణంలో అదే అవయవం ‘కార్జం’, పరీక్షల కాగితం మీద ‘లివర్’, పాఠ్యపుస్తకంలో ‘కాలేయం’. ఉపమానాలను తుడిచేస్తే ఈ భాషలో మాట్లాడటానికి ఏమీ మిగలదు. ఏ ఉపమానం రోగిని కుంగదీస్తున్నది, ఏది దారి చూపుతున్నది అన్న వివేచన చేయడమే విమర్శకుని పని.

5. జీవన్మృతుడు, దాత

వార్తాపత్రికలు బ్రెయిన్‌డెత్‌కు ‘జీవన్మృతి’ అన్న సమాసాన్ని స్థిరపరచాయి. రాయడానికి సొగసైనదే. వినడానికి ప్రమాదకరమైనది. బతికి ఉండీ చచ్చినవాడితో సమానమైనవాడు జీవన్మృతుడు. నిరాశలో కూరుకుపోయినవారిని ఇలా వర్ణించడం మన కావ్య సంప్రదాయం. 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం ప్రకారం మెదడు కాండం మరణించడమంటే మరణమే. నలుగురు వైద్యుల బృందం, కనీసం 6 గంటల వ్యవధిలో రెండుసార్లు పరీక్షించి దాన్ని ధ్రువీకరించాలి. చట్టం మృతుడన్నవాణ్ణి సమాసం సగం బతికించింది. ‘మీ అబ్బాయి జీవన్మృతుడయ్యాడు, అవయవాలు ఇస్తారా?’ అని అడిగితే ఏ తండ్రికైనా మొదటి సగమే వినబడుతుంది. ‘మెదడు చనిపోయింది, ఇక అతడు లేడు, గుండెను యంత్రమూ మందులూ ఆడిస్తున్నాయి’ అనడానికి సొగసు లేదు, నిజం ఉంది. నిమ్స్ కేంద్రంగా 2013 నుంచి నడుస్తున్న ‘జీవన్‌దాన్’ పథకంలో మృతదాతల సంఖ్యను పెంచాలనుకొనేవారు ఈ మాటను కూడా పట్టించుకోవలసి ఉంది.

మృతదాతలు చాలనందువల్ల మన దేశంలో కాలేయ మార్పిడులు అధికభాగం బతికి ఉన్న బంధువుల మీదే ఆధారపడి ఉన్నాయి. సమీప బంధువులెవరో చట్టం నిర్వచించింది. 2011 సవరణ తాతలను, అవ్వలను, మనుమలను, మనుమరాళ్లను కూడా అందులో చేర్చింది. ఆ సవరణను తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో స్వీకరించింది. చట్టం దృష్టిలో బంధువులందరూ సమానం. ఆచరణలో కాదు. భారతదేశంలో సజీవ దాతల్లో ఎక్కువ మంది స్త్రీలు, గ్రహీతల్లో ఎక్కువ మంది పురుషులు. కాలేయ క్యాన్సర్ పురుషుల్లోనే ఎక్కువన్నది దీనికి కొంత కారణమే గాని మొత్తం కారణం కాదు.

ఇక్కడే ‘దానం’ అన్న మాటను నిలదీయాలి. దానం మన సంప్రదాయంలో పుణ్యకార్యం, దాత స్వతంత్రుడు. తన సొత్తు మీద హక్కు ఉన్నవాడే దానం చేయగలడు. ఇంటి నిర్ణయాల్లో మాట చెల్లని భార్య ‘దానం’ చేసిందని రాసినప్పుడు, ఆమెకు లేని స్వాతంత్ర్యాన్ని వాక్యం ఆమెకు కట్టబెడుతుంది. అదే సమయంలో ‘వద్దు’ అనే దారిని మూసివేస్తుంది. దానం చేయనివారిని లోకం పిసినారి అంటుంది; భర్తకు దానం చేయని భార్యను ఏమంటుందో చెప్పనక్కరలేదు. ‘భర్తకు ప్రాణం పోసిన ఇల్లాలు’ అన్న శీర్షిక కింద సావిత్రిని తలచుకోని కథనం అరుదు. యముణ్ణి వాదించి గెలిచిన సావిత్రిలోని వాక్చాతుర్యం మాత్రం ఏ కథనంలోనూ కనబడదు.

‘ఇచ్చిన కాలేయం మళ్లీ పెరుగుతుంది’ అన్న ఊరట కూడా సగం నిజమే. పెద్దవారికి ఇవ్వడానికి తరచుగా తీసేది కుడి భాగం. సుమారు 60 శాతం. తీసిన భాగం మొలకెత్తదు. మిగిలిన భాగమే కొన్ని వారాల్లో, నెలల్లో పెరిగి పని సర్దుకొంటుంది. దాతకు ప్రాణహాని స్వల్పమే, శూన్యం కాదు. పైగా క్యాన్సర్ రోగి విషయంలో ఇంకో చిక్కు ఉంది. కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని మందులతో అణచాలి. దాగి ఉన్న క్యాన్సర్ కణాలకు అది వెసులుబాటు. అందుకే శోథ సూచికలు రోగికి ఎంత ముఖ్యమో దాతకూ అంత ముఖ్యం. తిరగబెట్టే ముప్పు ఎక్కువని తెలిస్తే ఆమె తన శరీరాన్ని కోయించుకోవాలా వద్దా అన్న లెక్క మారుతుంది. ఆ లెక్క వేసుకోవలసిన మనిషికి అందినది ‘తాపజనక గుర్తులు’.

6. పత్రం, తిరగరాసిన తరువాత

ఆ తల్లి, కొడుకు తెచ్చిన పత్రంలోని విషయాన్ని వారి వైద్యుణ్ణి అడిగి తెలుసుకొని, నేను మళ్లీ ఇలా రాశాను:

“మీ భర్త కాలేయంలో ఒక గడ్డ ఉంది. దాని కొలతను బట్టి చూస్తే కాలేయం మార్చవచ్చు. కాని రక్తపరీక్షను బట్టి ఆయన ఒంట్లో ఏదో రేగి ఉంది. అది క్యాన్సర్ వల్ల కావచ్చు, ఇంకో జబ్బు వల్ల కావచ్చు. క్యాన్సర్ వల్లనే అయితే, కాలేయం మార్చిన తరువాత కూడా జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. అందుకని కొన్నాళ్లు ఆగి మళ్లీ పరీక్ష చేస్తాం. మీ కాలేయంలో భాగం ఇవ్వడం మీ ఇష్టం. ఇవ్వడం వల్ల మీకు కూడా కొంత ప్రమాదం ఉంది. వద్దనుకొంటే ఆపరేషన్ గదికి వెళ్లేలోపు ఎప్పుడైనా చెప్పవచ్చు. కారణం చెప్పనక్కరలేదు.”

ఇందులో కొత్తగా పుట్టించిన పారిభాషిక పదం ఒక్కటీ లేదు. నిడివి మాత్రం మూలవాక్యానికి ఎన్నో రెట్లు. మన పరిభాషా నిర్మాతలు ఒక మాటకు ఒక మాట వెతికే అలవాటులో ఈ నిడివిని లోపంగా భావిస్తారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ మొదలుకొని మన కృషి అధికభాగం పాఠ్యపుస్తకాల కోసం జరిగింది; తరగతి గదిలో నిర్వచనం ముందే చెప్పి ఉంటారు కనుక అక్కడ ఒక్క మాట చాలు. ఆసుపత్రి వరండాలో చాలదు.

ఆమె రెండుసార్లు చదివించుకొని విన్నది. రక్తపరీక్ష సంగతి అడగలేదు. చివరి రెండు వాక్యాల దగ్గర కొడుకును ఆపి, “ఈ మాట వాళ్ల కాయితంల రాసిన్రా సార్?” అని అడిగింది.

రాయలేదు.